రౌటర్ వేడెక్కితే: శీతలీకరణ వ్యవస్థలో లోపం వెతికే పద్ధతులపై ఒక సమీక్ష

నెట్‌వర్క్ రౌటర్‌ను చల్లబరిచే వ్యవస్థలో వచ్చిన లోపం చాలాసార్లు తన అసలు రూపంలో బయటపడదు. లింకు ఉన్నట్టుండి తెగి మళ్లీ కలవడం, ఒక్క పోర్టులో మాత్రమే తప్పుడు ప్యాకెట్ల లెక్క పెరుగుతూ పోవడం, మిట్టమధ్యాహ్నం వేళల్లో మాత్రమే రౌటర్ దానంతట అది ఆగి మళ్లీ మొదలవడం వంటి లక్షణాలుగా అది కనిపిస్తుంది. వాటిని చూసినవారు ముందు కేబుల్‌ను, తర్వాత సాఫ్ట్‌వేర్‌ను, ఆపైన లైన్ కార్డును, అంటే పోర్టులుండి ప్యాకెట్లను అటూ ఇటూ పంపే పలకను, అనుమానించి ఒక్కొక్కటీ మార్చి చూస్తారు గాని, వేడి సంగతి చివరికి గుర్తుకు వస్తుంది. ఈలోగా బాగున్న పరికరాలు పాడైనవిగా లెక్కకెక్కి వెనక్కి వెళతాయి, లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దీన్ని వెతకడానికి తయారీదారుల సూచనలు, టెలికాం ప్రమాణాలు, డేటా సెంటర్ల పరిశోధనలు అనే మూడు వేర్వేరు దారుల్లో జ్ఞానం పోగుపడింది. ఆ మూడింటినీ కలిపి చూసినప్పుడు తేలే ముఖ్య విషయం ఏమిటంటే, రౌటర్ ఎంత వేడిగా ఉందన్న ఒక్క అంకె లోపం ఎక్కడుందో చెప్పలేదు. గాలి లోపలికి వచ్చేటప్పటి వేడి, బయటికి పోయేటప్పటి వేడి, ఫ్యాన్ల వేగం అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే అది తెలుస్తుంది.

రౌటర్ తీసుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది కనుక, 3 కిలోవాట్లు తీసుకునే రౌటర్ అంటే 3 కిలోవాట్ల హీటరు అనే అర్థం చేసుకోవాలి. ఆ వేడి చిప్ నుంచి, దానికీ హీట్ సింక్‌కూ మధ్య ఉన్న సన్నని పేస్టు పొర ద్వారా, రెక్కలు రెక్కలుగా ఉండే ఆ లోహపు దిమ్మెలోకి పాకి, అక్కడి నుంచి ఫ్యాన్లు లాగే గాలిలో కలిసి, గాలితో పాటు గదిలోకి వచ్చి, గదిలోని ఏసీ ద్వారా ఆరుబయటికి చేరాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా దానికి ముందున్న చోటల్లా వేడి పెరుగుతుంది. గాలి ఎంత వేడిని మోయగలదన్నది స్థిరమైన లెక్క: 1 కిలోవాట్ వేడిని తీసుకుపోతూ గాలి 10 డిగ్రీల సెల్సియస్ మాత్రమే వేడెక్కాలంటే, సెకనుకు సుమారు 83 లీటర్ల గాలి ప్రవహించాలి. ప్రవాహం సగమైతే వేడి పెరుగుదల రెట్టింపవుతుంది. ఫ్యాన్లకు వర్తించే నియమాలు కూడా ఇంతే నిక్కచ్చిగా ఉంటాయి: వేగం సగానికి తగ్గితే గాలి సగమవుతుంది, గాలిని నెట్టే పీడనం నాలుగో వంతుకు, ఫ్యాను తీసుకునే విద్యుత్తు ఎనిమిదో వంతుకు పడిపోతాయి. దీన్నే తిప్పి చెబితే, సగం వేగంతో తిరుగుతున్న ఫ్యాన్లు వేడికి స్పందించి పూర్తి వేగం అందుకున్నప్పుడు గాలి రెట్టింపే అవుతుంది గాని వాటి విద్యుత్ ఖర్చు ఎనిమిది రెట్లవుతుంది. రౌటర్ ఎక్కువ కరెంటు లాగుతోందన్న గమనిక ఒక్కోసారి శీతలీకరణ లోపానికి తొలి ఆధారం కావడానికి కారణం ఇదే.

తయారీదారుల సూచనలు 1990ల నాటి పెద్ద రౌటర్లతో, ముఖ్యంగా సిస్కో 7200, 7500 శ్రేణుల కాలంలో, ఒక స్థిరమైన రూపానికి వచ్చాయి. వాటి పద్ధతి రౌటర్‌ను ఉపవ్యవస్థలుగా విడదీసి, మొదట పవర్ సప్లైని, తర్వాత శీతలీకరణను, ఆ తర్వాత కార్డులను పరీక్షించమంటుంది. శీతలీకరణ దగ్గర అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి: స్విచ్ వేసినప్పుడు ఫ్యాన్లు తిరిగే చప్పుడు వినిపిస్తోందా, గాలి రంధ్రాలకు ఏదైనా అడ్డుందా, చుట్టుపక్కల ఉష్ణోగ్రత అనుమతించిన మేరలో ఉందా, కన్సోల్ తెరపై పర్యావరణ పర్యవేక్షకం నుంచి హెచ్చరిక వచ్చిందా? ఈ వరుస అనుభవంలోంచి పుట్టింది, ఈనాటికీ చెల్లుతుంది. రాత్రిపూట ఒంటరిగా పరికరం ముందు నిలబడ్డ సాంకేతికుడికి చేతిలో ఏ కొలత సాధనమూ లేనప్పుడు అదే ఆధారం. అయితే ఇది రౌటర్ పెట్టె గోడల దగ్గరే ఆగిపోతుంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయా అన్నదానికి అవును లేదా కాదు అన్న జవాబే దీనికి కావాలి. తిరుగుతున్నా గాలి కదలడం లేదన్న పరిస్థితిని, గాలి కదులుతున్నా వేడి గాలే తిరిగి లోపలికి వస్తున్న పరిస్థితిని ఇది విడదీసి చూపలేదు.

ఆ తేడాను చూపడానికి ఒక లెక్క చాలు. 3 కిలోవాట్ల రౌటర్ మామూలుగా 25 డిగ్రీల గాలిని లోపలికి తీసుకుని 40 డిగ్రీల దగ్గర బయటికి పంపుతోందని అనుకుంటే, పెరుగుదల 15 డిగ్రీలు. ఒకరోజు బయటికి వచ్చే గాలి 55 డిగ్రీలని సెన్సర్ చూపి అలారం మోగింది. గదిలో ఏసీ ఆగిపోయి లోపలికి వచ్చే గాలే 40 డిగ్రీలకు చేరినా, దానికి మామూలు 15 కలిసి 55 అవుతుంది. ఏసీ బాగానే ఉండి గాలి 25 డిగ్రీల దగ్గరే లోపలికి వస్తున్నా, ఫిల్టర్‌లో దుమ్ము పట్టి ప్రవాహం సగానికి పడిపోతే పెరుగుదల 30 డిగ్రీలై అప్పుడూ 55 అవుతుంది. రెండు సందర్భాల్లో అలారం ఒకటే, మరమ్మతు మాత్రం ఒకచోట ఏసీకి, మరొకచోట ఫిల్టర్‌కు చేయాలి. మొదటి సందర్భంలో ఫ్యాన్ ట్రేను, అంటే ఫ్యాన్లను బిగించిన అరను, మార్చినా, రెండో సందర్భంలో ఏసీ ఉష్ణోగ్రత తగ్గించినా డబ్బు, సమయం వృథా అవడమే కాక, ఏసీ తగ్గించడం వల్ల అలారం తాత్కాలికంగా ఆగి, దుమ్ము సమస్య ఇంకొన్ని వారాలు మరుగున పడుతుంది.

మూడో కొలత అయిన ఫ్యాన్ల వేగం ఇక్కడ పనికొస్తుంది. లోపలికి వచ్చే గాలి వేడెక్కితే నియంత్రణ సాఫ్ట్‌వేర్ ఫ్యాన్ల వేగాన్ని పెంచుతుంది కాబట్టి, గది లోపమైతే ఫ్యాన్లు జోరుగా తిరుగుతూ, గాలి పెరుగుదల 15 కంటే కొంచెం తగ్గినట్టు కూడా కనిపించవచ్చు. ఫ్యాన్లు జోరుగా తిరుగుతున్నా పెరుగుదల ఎక్కువగానే ఉంటే, గాలి దారిలో అడ్డుందని అర్థం. ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతూ పెరుగుదల ఎక్కువగా ఉంటే, ఫ్యాన్లనో వాటిని నడిపే నియంత్రణనో అనుమానించాలి. ఇక లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే గాలి, ఫ్యాన్ల వేగం మూడూ మామూలుగానే ఉండి, ఒక్క చిప్ మాత్రం తన తోటివాటికంటే బాగా వేడిగా ఉంటే, లోపం ఆ చిప్‌కూ హీట్ సింక్‌కూ మధ్య ఉండవచ్చు: హీట్ సింక్ బిగింపు వదులై ఉండవచ్చు, లేదా పదేపదే వేడెక్కి చల్లబడటంతో పేస్టు అంచులకు జారిపోయి మధ్యలో ఖాళీ ఏర్పడి ఉండవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బయటికి పోయే గాలిని కొలిచే సెన్సర్ సాధారణంగా పలకపై ఏదో ఒక మూల ఉంటుంది, అది మొత్తం గాలి సగటును కొలవదు. కనుక ఒక రౌటర్ అంకెలను పుస్తకంలోని అంకెలతో కాకుండా, అదే రౌటర్ ఆరోగ్యంగా ఉన్న రోజున, అంతే ట్రాఫిక్ ఉన్నప్పుడు చూపిన అంకెలతో పోల్చాలి. పరికరాన్ని అమర్చిన వారంలోనే ఈ మూడు కొలతలనూ రాసిపెట్టుకోవడం కంటే ఎక్కువ ఫలితమిచ్చే ముందుజాగ్రత్త ఈ రంగంలో మరొకటి కనిపించదు. అయినా అమరిక పూర్తయినట్టు సంతకం చేసే పత్రాల్లో దానికి చోటు అరుదు.

కొలతలను తీసుకునే సదుపాయం కొత్తది కాదు. సిస్కో పరికరాల్లో షో ఎన్విరాన్‌మెంట్, జూనిపర్ పరికరాల్లో షో ఛాసిస్ ఎన్విరాన్‌మెంట్ అనే ఆదేశాలు ప్రతి సెన్సర్ విలువనూ తెరపై పెడతాయి. దూరం నుంచి పరికరాలను గమనించే ఎస్ఎన్ఎంపీ పద్ధతిలో అన్ని తయారీదారుల సెన్సర్లనూ ఒకే రూపంలో చదివేందుకు 2002లోనే ఆర్ఎఫ్‌సీ 3433 అనే ప్రమాణం వచ్చింది. అయితే చాలా పర్యవేక్షణ కేంద్రాలు ఈ విలువలను గీతగా గీసి దాచుకోకుండా, హద్దు దాటినప్పుడు వచ్చే అలారంతోనే సరిపెట్టుకుంటాయి. ఫిల్టర్ మూసుకుపోవడం నెలల తరబడి నెమ్మదిగా జరిగే పని. దాని గీతలో వాలు హద్దుకు చాలా ముందే కనిపిస్తుంది. ఏసీ ఆగిపోవడం నిమిషాల్లో నిట్టనిలువుగా లేచే గీత. అలారం మాత్రమే చూసేవారికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

గాలి దిశ గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడి లోపాలు పరికరంలో ఏదీ పాడవకుండానే పుడతాయి. పాత పెద్ద రౌటర్లలో, స్విచ్‌లలో గాలి ఒక పక్క నుంచి మరో పక్కకు పోయేది. అలాంటి రెండింటిని పక్కపక్క ర్యాకుల్లో పెడితే మొదటిది వదిలిన వేడి గాలిని రెండోది పీలుస్తుంది. డేటా సెంటర్లలో చల్లని గాలి వరుస, వేడి గాలి వరుస అని విడదీసే ఏర్పాటు వచ్చాక, ముందు నుంచి వెనక్కి గాలి పోయే పరికరాలే ఎక్కువయ్యాయి. కానీ పోర్టులున్న వైపును ముందు అనాలా వెనుక అనాలా అన్నది అమరికను బట్టి మారుతుంది కనుక, తయారీదారులు రెండు దిశలకూ వేర్వేరు ఫ్యాన్ మాడ్యూళ్లు, ఫ్యానున్న పవర్ సప్లైలు అమ్ముతారు. సిస్కో నెక్సస్ స్విచ్‌లలో పోర్టుల వైపు నుంచి గాలి పీల్చేవాటికి ముదురు ఎరుపు, ఆ వైపు నుంచి వదిలేవాటికి నీలం రంగు గుర్తులుంటాయి. ఒక పవర్ సప్లై పాడైనప్పుడు తొందరలో వేరే రంగుదాన్ని పెడితే, దాని ఫ్యాను మిగతావాటికి ఎదురుగా గాలిని నెడుతుంది. మొత్తం ప్రవాహం తగ్గినా ఏ ఒక్క ఫ్యానూ పాడైనట్టు కనిపించదు. ఖాళీ స్లాట్లను మూయకుండా వదలడం కూడా ఇలాంటిదే: గాలి సులువైన దారినే ఎంచుకుంటుంది కాబట్టి, మూత లేని స్లాట్ గుండా పోయి, వేడిగా ఉన్న కార్డు దగ్గరికి చాలినంత చేరదు. ఒక కార్డును తీసివేసిన కొన్ని రోజులకు పక్క కార్డులో లోపాలు మొదలైతే, మూత పలక పెట్టారా లేదా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

గాలి తిరిగి లోపలికి రావడం ఇంకా దొంగచాటు లోపం. గది థర్మామీటరు 24 డిగ్రీలు చూపుతున్నా, రౌటర్ లోపలి గాలి సెన్సర్ 35 చూపుతుంటే, చాలామంది సెన్సర్‌నే తప్పుపడతారు. ర్యాకు తలుపు మూసి ఉండటం వల్లనో, వెనుక గోడకు మరీ దగ్గరగా ఉండటం వల్లనో, ర్యాకులో ఖాళీ చోట్లకు మూతలు లేకనో వెనుక వదిలిన వేడి గాలి చుట్టు తిరిగి ముందుకు వస్తోందేమో ముందు చూడాలి. గాలి పీల్చే చోట చిన్న థర్మామీటరు అరగంట పాటు ఉంచితే సందేహం తీరిపోతుంది.

ఇక ఫ్యాను. ఇందులో అరిగేది ప్రధానంగా బేరింగు, ఎండిపోయేది అందులోని గ్రీజు. ఈ రెండింటి ఆయువూ ఉష్ణోగ్రతతో పాటు తగ్గుతుంది. వేగం చెప్పేందుకు ఫ్యాను సాధారణంగా చుట్టుకు రెండు చొప్పున విద్యుత్ స్పందనలు పంపుతుంది. వాటిని లెక్కపెట్టి రౌటర్ వేగాన్ని తెలుసుకుంటుంది. కాబట్టి ఫ్యాన్ పాడైందన్న అలారం వచ్చినప్పుడు ఫ్యాను ఆగి ఉండవచ్చు, లేదా ఫ్యాను తిరుగుతూనే ఆ స్పందనల తీగో కనెక్టరో దెబ్బతిని ఉండవచ్చు. మార్చిన ట్రేతో పాటు అలారం కూడా వెళ్లిపోతే లోపం ట్రేదే. కొత్త ట్రేలోనూ అదే స్థానంలో అలారం ఉంటే లోపం పెట్టెలోని కనెక్టరుదో నియంత్రణ కార్డుదో అవుతుంది. బేరింగు అరిగిన ఫ్యాను ఒకసారి తిరగడం మొదలుపెట్టాక సంవత్సరాలు తిరుగుతూనే ఉండి, ఒకే ఒక్క విద్యుత్ అంతరాయం తర్వాత మళ్లీ కదలకపోవచ్చు. అందువల్ల పెద్ద నిర్వహణ పని కోసం రౌటర్‌ను ఆపే ముందు మారు ఫ్యాన్ ట్రేను చేతికి అందేలా ఉంచుకోవడం అవసరం. ఒక ఫ్యాను ఆగిన ట్రేను కొత్తది రాకముందే బయటికి లాగడం పెద్ద పొరపాటు: ట్రేలో మిగిలిన ఫ్యాన్లు ఎంతోకొంత గాలిని నడిపిస్తుంటే, ట్రే లేని చోట గాలి అసలు నడవదు, పెద్ద రౌటర్లు కొద్ది నిమిషాల్లోనే తమను తాము ఆపేసుకుంటాయి.

దుమ్ము విషయంలో చెప్పవలసింది తక్కువే గాని నిర్లక్ష్యం జరిగేది ఎక్కువ ఇక్కడే. కడిగి వాడే ఫిల్టర్లను పూర్తిగా ఆరాకే పెట్టాలి. రోడ్డు పక్క గదుల్లో, నిర్మాణం జరుగుతున్న భవనాల్లో తయారీదారు చెప్పిన వ్యవధికి ముందే వాటిని చూడాలి. తేమ, గంధకం, ఉప్పు కలిసిన గాలి వేరే రకం ప్రమాదం. 2006 జూలై 1 నుంచి యూరపులో సీసం వాడకంపై ఆంక్షలు వచ్చాక మారిన పలకల పూతల్లో కొన్ని ఇలాంటి గాలికి త్వరగా తుప్పు పట్టినట్టు తేలింది. సముద్రతీరంలో బయటి గాలిని నేరుగా లోపలికి తెచ్చి చల్లబరిచే పద్ధతి ఎంచుకునే ముందు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఎత్తు కూడా ఒక అంశమే: 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే కనుక, అదే ఫ్యాను అదే వేగంతో తిరిగినా తక్కువ వేడిని మోస్తుంది.

ఇక్కడి నుంచి ప్రశ్న గదిలోకి మారుతుంది. పెద్ద రౌటర్ల అనుమతి పరిమితి సాధారణంగా 40 డిగ్రీలు. టెలికాం పరికరాలకు అమెరికాలో రూపొందిన జీఆర్-63 ప్రమాణం మామూలు పరిస్థితికి 5 నుంచి 40 డిగ్రీలు, స్వల్పకాలానికి, అంటే ఒక్కసారి 96 గంటలకు, ఏడాదిలో మొత్తం 15 రోజులకు మించకుండా, 50 డిగ్రీల వరకు అనుమతిస్తుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో నీడలోని ఉష్ణోగ్రతే 45 డిగ్రీలు దాటుతుంది. రేకు కప్పు కింది గదిలోనో, ఎండలో నిలబెట్టిన లోహపు క్యాబినెట్‌లోనో అది ఇంకా ఎక్కువ. 2011లో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో ఆమోదం పొంది తర్వాత భారత్‌నెట్‌గా మారిన పథకం గ్రామ పంచాయతీల వరకు పరికరాలను తీసుకువెళ్లింది. డేటా సెంటర్ గది ఊహతో రాసిన సూచనలు అలాంటి చోట్ల సరిపోవు. ఇక్కడి గదుల్లో తరచుగా ఎదురయ్యే ఒక లోపం ఏ తయారీదారు పుస్తకంలోనూ ప్రముఖంగా ఉండదు: కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మీద రౌటర్ నడుస్తూనే ఉంటుంది, ఏసీ ఆగిపోతుంది, చిన్న గది నిమిషాల్లో వేడెక్కుతుంది. కరెంటు తిరిగి వచ్చాక కూడా, తనంతట తాను మొదలయ్యే సదుపాయం లేని ఏసీ రిమోటు నొక్కేవారి కోసం ఎదురుచూస్తూ ఆగే ఉంటుంది. సెలవు రోజున జరిగితే రౌటర్ వేడికి ఆగేవరకు ఎవరికీ తెలియదు. దీనికి నివారణ ఆ సదుపాయమున్న ఏసీ, ఒకటికి రెండు ఏసీలు, గది ఉష్ణోగ్రతను విడిగా పంపే సెన్సర్. వీటి ఖర్చు ఒక లైన్ కార్డు ధరతో పోలిస్తే చాలా స్వల్పం.

ఇది చిన్న గదుల సమస్య మాత్రమే అనుకోవడానికి లేదు. 2022 జూలై 19న ఇంగ్లండులోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదై, బ్రిటన్ చరిత్రలో తొలిసారి 40 దాటిన వేళ, లండన్‌లో గూగుల్, ఒరాకిల్ సంస్థల డేటా సెంటర్లలో శీతలీకరణ దెబ్బతిని సేవలు నిలిచాయి. 2010 మార్చి 24న వికీమీడియా సంస్థ యూరపు డేటా సెంటర్‌లో సర్వర్లు వేడికి వాటంతట అవే ఆగిపోయాయి. ట్రాఫిక్‌ను అమెరికాలోని ఫ్లోరిడాకు మళ్లించే ప్రయత్నంలో ఆ మళ్లింపు యంత్రాంగమే పనిచేయక వికీపీడియా ప్రపంచమంతటా కొంతసేపు అందకుండా పోయింది. తనను తాను ఆపుకోవడం యంత్రాన్ని కాపాడుతుంది, సేవను కాపాడదు. మారు దారి నిజంగా పనిచేస్తుందో లేదో ముందే పరీక్షించకపోతే, సరిగ్గా పనిచేసిన రక్షణే అంతరాయానికి కారణమవుతుంది.

ఎంత వేడి ప్రమాదకరం అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ప్రతి 10 డిగ్రీలకూ ఆయువు సగమవుతుందనే ప్రసిద్ధ సూత్రం, రసాయన చర్యల వేగంపై స్వాంటే అర్హీనియస్ 1889లో చూపిన సంబంధం నుంచి వచ్చింది. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు అది బాగానే వర్తిస్తుంది. కానీ ప్రతి భాగానికీ దాన్ని అంటగట్టడాన్ని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ పెక్ట్ తదితరులు గట్టిగా విమర్శించారు. 2007లో లక్షకు పైగా డిస్కులను పరిశీలించిన గూగుల్ అధ్యయనం, 2012లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం కూడా సగటు ఉష్ణోగ్రత ప్రభావం అనుకున్నంత లేదని, రెండోది హెచ్చుతగ్గుల ప్రభావం కూడా గమనించదగ్గదని తేల్చాయి. ఆష్రే అనే అమెరికా ఇంజనీర్ల సంఘం డేటా సెంటర్లకు 2004లో 20 నుంచి 25 డిగ్రీలు సిఫారసు చేసి, 2008లో దాన్ని 18 నుంచి 27కు విస్తరించింది. ఇవి ప్రధానంగా సర్వర్ల గురించిన ఆధారాలు. గదిని గడ్డకట్టేలా చల్లబరచనక్కరలేదని చెబుతాయి గాని, హెచ్చరికలను పట్టించుకోనక్కరలేదని చెప్పవు. రౌటర్‌కు ప్రత్యేకమైన బలహీన స్థానం ఆప్టికల్ మాడ్యూల్, అంటే విద్యుత్ సంకేతాన్ని కాంతిగా మార్చి ఫైబర్‌లోకి పంపే చిన్న భాగం. వాణిజ్య శ్రేణి మాడ్యూళ్ల ఒంటి ఉష్ణోగ్రత పరిమితి 70 డిగ్రీలు. దూరపు లింకులకు వాడే 400 గిగాబిట్ మాడ్యూల్ ఒక్కటే 15 నుంచి 20 వాట్ల వరకు తీసుకుంటుంది. చాలా మాడ్యూళ్లు తమ ఉష్ణోగ్రతతో పాటు లేజరు తీసుకునే కరెంటును కూడా చెబుతాయి. అవి రెండూ కలిసి పెరుగుతూ, పంపే కాంతి తగ్గుతుంటే, లింకు తెగకముందే ఆ పోర్టు వైపు గాలి సరిగా చేరుతోందో లేదో చూడాలి.

ఇళ్లలోని చిన్న రౌటర్లలో ఫ్యాను ఉండదు. వేడి గాలి పైకి లేచే సహజ గుణమే వాటి శీతలీకరణ. టీవీ అరలో, సెట్‌టాప్ బాక్సు మీద, గుడ్డ కప్పి ఉంచినదాన్ని బయటపెట్టి నిలువుగా నిలబెట్టడమే వాటికి చేయగల, చేయవలసిన మరమ్మతు. మరో కొసన, అతిపెద్ద స్విచ్ చిప్‌లకు గాలి చాలక నేరుగా చిప్ మీదికి ద్రవాన్ని పంపే పద్ధతి ప్రవేశిస్తోంది. అక్కడ కూడా మూడు కొలతలే ఉంటాయి: వచ్చే ద్రవపు వేడి, పోయే ద్రవపు వేడి, ప్రవాహపు వేగం. దానికి తోడు కారుడును పట్టే సెన్సర్ కావాలి, వచ్చే ద్రవం గది గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత కంటే ఎప్పుడూ కొన్ని డిగ్రీలు పైనే ఉండేలా చూడాలి. విశాఖపట్నం వంటి ఉక్క వాతావరణంలో ఆ హద్దు 25 డిగ్రీలకు దగ్గరగానో ఇంకా పైనో ఉంటుంది కాబట్టి, తలుపు తెరిచి బయటి గాలిని రానిచ్చిన గదిలో 20 డిగ్రీల ద్రవాన్ని నడిపితే గొట్టాల మీద చెమ్మ పట్టి, పలకల మీదికి జారుతుంది.